గుంతకు మూడు గింజలు

చిత్తూరు జిల్లా వైద్యాధికారి గారి సముఖమునకు,
నల్లగుట్టపల్లె కాపురస్తుడు, మునస్వామి కుమారుడు హరినాథ్, వ్యవసాయం, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: ఒకే కాన్పులో రానున్న ముగ్గురు బిడ్డలకు పెద్దాసుపత్రిలో చోటు కేటాయించుట గురించి.

1. నాకు పెళ్లై తొమ్మిదేండ్లు. సంతానం లేనందున తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వైద్యం చేయించుకొంటిమి. రెండుసార్లు పిండం నిలవలేదు. మూడోసారి డాక్టరమ్మ ఒక్క పిండమే పెడతామనీ, ఎక్కువ పెట్టి అన్నీ నిలిస్తే తల్లికీ బిడ్డలకీ ప్రమాదమనీ స్పష్టంగా చెప్పియున్నారు.

2. అందుకు మా అమ్మ నిర్మలమ్మ గారు, "బీర గింజలు గుంతకు మూడేస్తాం గదమ్మా. ఒగటి పురుగు తింటాది, ఒగటి కుళ్లిపోతాది, ఒగటన్నా నిలబడతాది" అని వ్యవసాయ పద్ధతి వివరించినారు. నాకు సబబుగా తోచి, బాధ్యత మాదేనని పట్టుబట్టి మూడింటికి సంతకం చేసితిని. నా భార్య పల్లవి సంతకం కూడా కలదు. ఆమె సంతకం ఎక్కడ చేయాలో నేనే వేలు పెట్టి చూపించితిని.

3. మూడూ మొలిచినవి. బీర అయితే రెండు పీకేస్తాము. మూడో నెలలో డాక్టరమ్మ తల్లి క్షేమం కోసం ఆ మాటే మెల్లగా అనగా, మా అమ్మ "పిలకాయలేమన్నా బీర మొక్కలా, పీకేదానికి?" అని స్కానింగు గదిలోనే బైఠాయించినారు. నేను నోరు తెరవలేదు. అది నా తప్పు.

4. ప్రస్తుతం ఏడో నెల. పల్లవికి బీపీ తగ్గుట లేదు. కాళ్లు వాచి నా చెప్పులు వేసుకొంటున్నది. కాన్పు ముందే రావచ్చుననీ, బిడ్డలు కిలోన్నర కూడా ఉండరనీ, ఇంక్యుబేటర్ పెట్టెల్లో వెచ్చగా ఉంచాలనీ చెప్పినారు. ఆ ఆసుపత్రిలో పెట్టె ఒకటే కలదు. ముగ్గురిలో ఎవరిని పెడతారని విచారించగా, అప్పుడు చూద్దామన్నారు. అయ్యా, అప్పుడు చూచుటకు నాకు ధైర్యం లేదు.

5. మా నాయన ఇప్పటికే వసారాలో మూడు ఉయ్యాలలు వరుసగా కట్టినారు. వాటి పక్కగా నడవాలంటే భయమేస్తున్నది. విప్పమంటే "నోటికొచ్చినట్ల మాట్లాడబాకరా" అంటున్నారు.

కావున తమరు దయతలచి, నా ముగ్గురు బిడ్డలకు మూడు పెట్టెలు ముందుగానే కేటాయించునట్లు ఉత్తర్వు ఇప్పించవలెనని వేడుకొనుచున్నాను. వేరే ఎవరికి చెప్పుకోవాలో తెలియనివాడిని, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
హరినాథ్

దస్తూరి: పల్లవి, అర్జీదారు భార్య (ఆయన చెప్పగా పడుకొని వ్రాసినది)

తా.క.: సార్, ఆయన సంతకం పెట్టేసి, బస్సు టైమైందని చొక్కా తొడుక్కుంటా ఉండాడు. ఈ నాలుగు ముక్కలు నేనే రాస్తా ఉండాను. మూడు పెట్టెలని రాయమన్నాడు, రాసినాను. నాకొక మంచం కావల్లని మా ఇంట్లో ఎవురికీ గ్యాపకం రాలేదు. నాకూ బతకాలని ఉండాది సార్. పైన మూడు అని ఉన్నకాడ నాలుగు అని సదువుకోండి.