మడమ మీద ఆల్తా

ఫిబ్రవరి 3, మంగళవారం
బట్టలు రెండు బకెట్లు. బియ్యం ఏరడం. ఈయన వర్క్‌షాప్ యూనిఫాం ఇస్త్రీ. నెలవారీ ఒంటి పరీక్ష కూడా ఈరోజే. గజ్జల్లో బిళ్లలు లేవు. ఎడమ మడమ, మెలనోమా క్యాన్సర్ కోసేసి తొడ చర్మం అతికిన చోటు — మార్పు లేదు. వీపు ఈయన చూడాలి. టార్చి వేసి పుట్టుమచ్చలు లెక్కపెట్టి, "పదకొండు. ఏటీ మార్నేదు" అని ఆర్పేశారు. చెయ్యి తగలలేదు. ఆపరేషన్ అయి పద్నాలుగు నెలలు... చూస్తారు, అంతే.

ఫిబ్రవరి 6
పక్కింటి దీదీ కూతురి పెళ్లి. ముత్తయిదువుల పాదాలకు ఆల్తా, మన పారాణి, పెడుతున్నారు. నేను వెనక్కి లాక్కున్నాను. "బౌదీ, పా దాఓ", వదినా కాలియ్యి అంటూ దీదీయే నా పాదం ఒళ్లోకి తీసుకుంది. మడమ చుట్టూ, అతుకు మీదుగా, ఎర్రగా. జంకలేదు ఆవిడ. వద్దనలేకపోయాను.

ఫిబ్రవరి 7
సబ్బు. నిమ్మచెక్క. పోలేదు.
"సోమారం సెకప్పని తెల్దేటి? కేలండర్లో నువ్వే కదే రాసినావు" అన్నారు ఈయన.
నేనే రాశాను.

ఫిబ్రవరి 9
కలకత్తా వెళ్లొచ్చాం. డాక్టరు గజ్జలు నొక్కి బాగుందన్నారు. మడమ మీద లెన్స్ పెట్టి, తీసేశారు. రంగు కింద నాకేం కనిపిస్తుంది అన్నారు... తిరగబెడితే మొదట్లోనే పట్టాలి, అందుకే కదా మూడు నెలలకోసారి రమ్మనేది... పది రోజుల్లో రండి, రంగు పోగొట్టుకుని.
తిరుగు రైల్లో ఈయన సంచి జరిపి సీటు మీద చోటు చేశారు. తర్వాత — "కాలు పైనెట్టు. వాస్తాది."

ఫిబ్రవరి 10
డ్యూటీ నుంచి రాగానే పీట వేసుకుని కూర్చున్నారు. రంగు వదలడానికి కొబ్బరినూనె. బొటనవేలితో మడమ చుట్టూ.
"నొప్పేటి?"
లేదన్నాను. అతికిన చోట స్పర్శే లేదు. దాని పక్కన ఉంది. పక్కనే...

ఫిబ్రవరి 13
గులాబీ రంగుకు వచ్చింది. పగలు కూడా రుద్దుకుంటే త్వరగా పోతుంది. రుద్దుకోవడం లేదు. తప్పే.

ఫిబ్రవరి 14
"నీ దగ్గరీ వాసనేటని వర్క్‌షాపులో అడిగినారు. కొబ్బరుండలు అమ్ముతున్నానని సెప్పినాను."
నవ్వాను. పాదం ఇంకా ఆయన ఒళ్లోనే.

ఫిబ్రవరి 18
రంగంతా పోయింది. అతుకు అంచున నువ్వుగింజంత చుక్క మిగిలింది. గోధుమ రంగు. "రంగే" అన్నారు. రుద్దారు. కదల్లేదు. మళ్లీ "రంగే" అన్నారు. దాని పక్కన వేలుంచి అలాగే కూర్చున్నారు. నేనూ కాలు తీయలేదు. కొత్త మచ్చ అయితే కొలవాలి. స్కేలు తెచ్చి కొలవలేదు.
రేపు పొద్దున్నే కలకత్తా బండి.
నూనె అయిపోతే ఆదివారం దీదీ దగ్గర గిన్నెడు తెచ్చాను. కొత్త సీసా విప్పి, గిన్నె నింపి ఇచ్చేశాను. ఆ బాకీ తీరింది.