వరమ్మగారి జవాబులు

తాడేపల్లిగూడెం,
5-7-2004

సత్యానందం మాస్టారికి నమస్కారాలు.

ఏలూరు హైస్కూల్లో మనిద్దరం పక్కపక్క క్లాసుల్లో తెలుగు చెప్పి పదేళ్ళు దాటింది. నేనిప్పుడు ఇక్కడి కాలేజీలో పనిచేస్తూ, కొల్లేరు లంకల్లో వాడే మాటలు సేకరిస్తున్నాను. దానికో ప్రశ్నల పట్టిక ఉంది. జవాబు చెప్పే మనిషి లంకలో పుట్టి, లంకలోనే పెరిగి ఉండాలి. మీ ఇంటావిడ వరమ్మగారైతే సరిగ్గా సరిపోతారు. మొదటి ఇరవై ప్రశ్నలూ పంపుతున్నాను. ఆవిణ్ణి అడిగి, అన్నది అన్నట్టు రాయండి. మీ సొంత జవాబులు మాత్రం రాయకండి. మాస్టార్లు ఊరుకోరు, మాటల్ని దిద్దేస్తారు.

ఇట్లు,
జ్ఞానప్రసూనాంబ

తా.క.: మాట స్పష్టంగా పలకడానికి జవాబు చెప్పేవారికి ముందుపళ్ళు ఉండాలని నిబంధన. కాస్త చూసి చెప్పండి.

గుడివాకలంక,
12-7-2004

ప్రసూనాంబగారికి ప్రభువు నామంలో వందనాలు.

మీ ఉత్తరం అందిందండి. జవాబులు రాస్తున్నాను.

దోనె నడిపే కర్రని ఏమంటారు? "గడ అంటారు. ఇది కూడా తెలీని ఆవిడ పిల్లలకి ఏం చెబుతారండీ?"

చేపల పులుసు మాడితే ఏమంటారు? "మా ఇంట్లో మాడదు. ఎవరింట్లో మాడిందో వాళ్ళనే అడగమనండి."

పొద్దుపోయి ఇంటికొచ్చిన మనిషిని ఏమంటారు? "ఏమీ అనం. తలుపు తియ్యం."

మిగతా పదిహేడూ వెనక కాగితంలో ఉన్నాయి. ఇంకా ప్రశ్నలుంటే త్వరగా పంపండి. ఇవి అయిపోతాయేమోనని రోజుకి మూడు చొప్పున దాచుకుని అడిగాను.

మీ
సత్యానందం

తా.క.: పళ్ళ సంగతి అడిగాను. "పెళ్ళిచూపుల్లో కూడా నా పళ్ళు ఎవరూ లెక్కపెట్టలేదు" అంది.

తాడేపల్లిగూడెం,
20-7-2004

మాస్టారికి నమస్కారాలు.

ఆ జవాబులు చదివి స్టాఫ్‌రూమంతా పడీ పడీ నవ్వింది. ఇలాంటి మాట కాగితం మీద ఉంటే చాలదు, ఆవిడ గొంతులోనే వినాలి. ఈ నెల 31, శనివారం టేప్‌రికార్డర్ పట్టుకుని వచ్చేస్తున్నాను. ఈలోగా, దీంతో పంపుతున్న మిగతా ఇరవై ప్రశ్నలూ అడిగి ఉంచండి.

ఇట్లు,
జ్ఞానప్రసూనాంబ

తా.క.: నేను చేపలు తినను. ఆ మాట వరమ్మగారితో ఎలా చెప్పాలో కూడా కనుక్కోండి.

గుడివాకలంక,
26-7-2004

ప్రసూనాంబగారూ, వందనాలు.

దయచేసి రాకండమ్మా. వరమ్మకి కంటి ఆపరేషనయింది. ఏలూరులో వాళ్ళ చెల్లెలు పెర్సిస్ ఇంట్లో ఉంది. దారంతా బురద కూడాను. పైగా టేప్‌రికార్డరంటే ఆవిడకి భయం. ఇరవై జవాబులూ దీంతో పంపుతున్నాను. ప్రశ్నలు మాత్రం ఆపకండి. మీ ఉత్తరం రాని రోజు నాకు ఏమీ తోచడం లేదు.

మీ
సత్యానందం

తా.క.: చేపలు తిననివాళ్ళని ఏమంటారని ఈ పొద్దున పొయ్యి దగ్గర అడిగాను. "పాపం అంటారు" అంది.

తాడేపల్లిగూడెం,
4-8-2004

మాస్టారికి నమస్కారాలు.

సరే, ఇక రాననుకోండి. కంటి ఆపరేషనై ఏలూరులో ఉన్న మనిషి మీ పొయ్యి దగ్గరికి ఎలా వచ్చిందని అడగను. ఇంకో మూడు ప్రశ్నలు.

41. మీరు కొన్న చీర నచ్చకపోతే వరమ్మగారు ఏమంటారు?
42. మీరు గురక పెడితే?
43. పెళ్ళైన కొత్తలో మిమ్మల్ని ఏమని పిలిచేవారు?

ఇట్లు,
జ్ఞానప్రసూనాంబ

తా.క.: టేపు అక్కర్లేదు. నిదానంగా రాయండి.

గుడివాకలంక,
11-8-2004

ప్రసూనాంబగారూ,

నలభై మూడో ప్రశ్న దగ్గర చెయ్యి ఆగిపోయిందండి. ఇంక అబద్ధమాడలేను. వరమ్మ ఏప్రిల్‌లోనే పోయింది.

మీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు ఆ సంగతే రాద్దామని కూర్చున్నాను. ప్రశ్న చదవగానే ఆవిడ జవాబు చెవిలో పడింది. రాసేశాను. తర్వాత ఆపలేకపోయాను.

నలభై ఏళ్ళు ఆవిడ మాటలు దిద్దానండి. చుట్టాల ముందు కూడా "అలా కాదు, ఇలా అనాలి" అనేవాణ్ణి. చివరికి నా ఎదుట మాట్లాడటమే తగ్గించేసింది. ఇప్పుడు ఆవిడ మాట ఒక్కటి కూడా మరిచిపోకూడదని మీ ప్రశ్నలు పట్టుకుని వేలాడుతున్నాను. మీ పని పాడుచేశాను, క్షమించండి. నా జవాబులన్నీ కొట్టేయండి. ప్రశ్నలు పంపడం మాత్రం మానకండి.

నలభై మూడుకి జవాబు: "ఏమనీ పిలవలేదు. ఏమంటే ఏం తప్పు పడతారోనని."

మీ
సత్యానందం

తా.క.: కంటి ఆపరేషను నాదండి. అందుకే అక్షరాలు వంకర.

తాడేపల్లిగూడెం,
18-8-2004

మాస్టారూ,

రావద్దన్న మీ ఉత్తరం నాకు ఆగస్టు రెండున అందింది. అప్పటికే శనివారం మీ ఊరు వచ్చి వెళ్ళిపోయాను. చర్చి దగ్గర వరమ్మగారి ఇల్లెక్కడని అడిగితే, ఒకావిడ "వరమ్మగారా? పోయి నాలుగు నెలలయిందండి. ఈమధ్యే మాస్టారు కాస్త తేరుకుని, అరుగు మీద కూర్చుని ఏవో రాసుకుంటున్నారు" అంది. దూరం నుంచి చూశాను. మీరు రాస్తూ రాస్తూ మీలో మీరే నవ్వుకుంటున్నారు. పలకరించకుండానే వెనక్కి తిరిగాను. వచ్చిన బస్సే ఎక్కి, గూడెం దాకా ఏడుస్తూ వచ్చాను.

నా పట్టికలో ఉన్నవి నలభై ప్రశ్నలే మాస్టారూ. నలభై ఒకటి నుంచి నేను కల్పించినవే. మొగుడి గురక గురించి ఏ శాస్త్రమూ అడగదు.

మీ జవాబులు కొట్టేయను. పుస్తకంలో "చెప్పినవారు: వరమ్మ. విన్నవారు: సత్యానందం" అని రాసుకున్నాను.

44. వేళకి అన్నం తినని మొగుణ్ణి వరమ్మగారు ఏమని కేకలేసేవారు?

భోంచేశాకే జవాబు రాయండి.

ఇట్లు,
ప్రసూన