మరీసా వేసే గోలీల దారి

మరీనా సాంతెలీజియో,
19 ఆగస్టు 1974

చిరంజీవి ఎల్వీరాకు అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ సముద్రం ఒడ్డున నేనూ పిల్లలిద్దరూ క్షేమం. ఒంట్లో క్షేమమే అని చదువుకో, ఎందుకంటే ఎనిమిది రోజులుగా నాకు ఒళ్ళు మండిపోతోంది, అది జ్వరం మాత్రం కాదు. నువ్వు ఆస్పత్రి మంచం మీద డాక్టరు చెప్పినట్టే కదలకుండా పడుకుంటున్నావని తలుస్తాను. మరియమ్మ తల్లి నిన్నూ కడుపులో బిడ్డనూ చల్లగా చూడాలి. ఫోనులో చెప్పకూడదా అంటావు. బారులో ఉన్న ఆ ఒక్క ఫోను వెనక పదిమంది నిలబడి చెవులు రిక్కిస్తారు, వేసిన బిళ్ళ అయిపోగానే అది మాట మధ్యలో గొంతు నొక్కేస్తుంది. ఈ సంగతి మధ్యలో ఆగేది కాదు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. భోజనం చేశాక మూడు గంటలు దాటితే గాని పిల్లల్ని నీళ్ళలో కాలు పెట్టనివ్వడం లేదు, నేవియో గడియారం ముందు కూర్చుని ఏడ్చినా సరే. నిన్ను పెంచింది నేనే, ఆ నియమం నువ్వు నాకు నేర్పక్కర్లేదు. వాడు టోపీ పెట్టుకుంటున్నాడు. చెవిపోటు తగ్గింది. బొంబొలోనీలు రోజుకు ఒకటే కొనిపెడుతున్నాను. సరే, రెండు. లోపల వేడి వేడి క్రీముతో ఆ తీపి బన్నులు గొడుగు ముందుకే వచ్చి నిలబడితే, వద్దని చెప్పే మనిషి ఈ ఒడ్డున ఇంకా పుట్టలేదు.

ఇక నీ చివరి ప్రశ్న. మరీసా ఉత్తరాల్లో సెలవుల హోంవర్కు తప్ప సముద్రం ఊసే లేదేమిటని అడిగావు. దానికి బాధ కలిగితే లెక్కల పుస్తకం తెరుస్తుంది, అచ్చం నీ పోలిక. ఏం జరిగిందో చెబుతాను, ఆవేశపడకు. ఆవేశం ఇద్దరికీ సరిపడా నేనే పడ్డాను.

మన గ్వెరీనోకు ఈ ఏడు కొత్త బుద్ధి పుట్టింది. ముప్ఫై ఏళ్ళుగా ఇసుకలో గొడుగులు పాతి, మడత కుర్చీలు వేసి, మధ్యాహ్నం కునుకు తీసి హాయిగా బతికినవాడు. పక్క ఊరి బీచిలో చూశాడట, పిల్లల్ని ఆడించడానికి బొలోన్యా నుంచి ఒక అమ్మాయిని తెచ్చాడు. పేరు పత్రీజియా, ఇరవై ఏళ్ళుంటాయి, మెడలో ఈల. స్నానపు గదుల గోడకు నల్లబల్ల కొట్టించాడు. తొమ్మిదిన్నరకు కసరత్తు, పదింటికి రింగులాట, పదకొండుకు ఇసుక కోటలు, నాలుగున్నరకు తాడు లాగే పోటీ. ఇసుకలో ఎలా ఆడుకోవాలో పిల్లలకు నల్లబల్ల మీద రాసి చూపించే కాలం వచ్చింది చూడు. మీ నాన్న బతికి ఉంటే ఆ ఈలను తీసుకెళ్ళి సముద్రంలో వేసి వచ్చేవారు.

అంతటితో ఆగితే పోనీ అనుకుందునేమో. గోలీల దారి మాత్రం వేయకూడదట. గాడిలో కాలు పడి మొదటి వరస గొడుగులవాళ్ళు తూలిపోతున్నారట. నువ్వు మర్చిపోయావేమో గాని నీ కూతురు జూన్ నుంచి దానికోసమే ఎదురు చూస్తోంది. సైకిలు పందేల వాళ్ళ బొమ్మలున్న ప్లాస్టిక్ గోలీలు ఎవరి దగ్గరైనా ఉంటాయి. దారి వేయడం అందరికీ రాదు. ఒకరు తడి ఇసుకలో కూర్చోవాలి, ఇద్దరు వాళ్ళ కాళ్ళు పట్టి లాగాలి, పిర్రల కింద ఇసుక నొక్కుకుపోయి గోలీలు దొర్లడానికి నున్నటి గాడి పడాలి. బక్క పిల్లల్ని లాగితే గీత పడుతుంది, అంతే. మరీసాను లాగితే దారి పడుతుంది. చేతులు కట్టుకుని, వెన్ను నిటారుగా పెట్టి, మలుపు రాగానే ఒక పక్కకు వాలుతుంది, అక్కడ గోడ దానంతటదే లేస్తుంది. అందుకే ఏటా మనం వచ్చిన రోజు సామాను కూడా విప్పకముందే గొడుగు చుట్టూ పిల్లలు మూగి, మరీసా వచ్చిందా అని అడుగుతారు. తొమ్మిదేళ్ళ పిల్లకు ఇంతకన్నా పరువు ఏం కావాలి?

పదకొండో తేదీ ఆదివారం ఇసుక కోటల పోటీ పెట్టారు. మరీసా బకెట్టు తీసుకుని అందరికన్నా ముందు వెళ్ళి నిలబడింది. పత్రీజియా పిల్లల్ని జట్లుగా విడదీసి, దీన్ని మాత్రం పక్కకు పిలిచి, అందరూ వింటుండగా అంది: "నువ్వు కోట తర్వాత కడుదువుగాని. ముందు ఆ పడవల దాకా పదిసార్లు పరుగెత్తిరా." ఎవడో కుర్రాడు, మరీసా సముద్రంలో దిగితే నీళ్ళు మన గొడుగుల దాకా వస్తాయన్నాడు. పిల్లలు నవ్వారు. ఇది పరుగెత్తింది, ఎల్వీరా. పదిసార్లూ పరుగెత్తింది. ఒకటి కూడా తగ్గించలేదు. తిరిగి వచ్చేసరికి కోటలు అయిపోయాయి, చప్పట్లు కొట్టేశారు.

గొడుగు కిందికి వచ్చి, సంచిలోంచి మీ నాన్న పాత పొడుగు చేతుల చొక్కా తీసి స్నానం బట్టల మీద వేసుకుంది. ఆ ఎండలో మెడ దాకా గుండీలు పెట్టుకుని వారం రోజులు విప్పలేదు. నీళ్ళలోకి దిగలేదు. బొంబొలోనీ ముట్టుకోలేదు, దాని వంతు కూడా నేవియో తిన్నాడు. ఫెర్రగోస్తో పండక్కి సాంద్రో వచ్చి, ఈ చొక్కా ఏమిటే అని అడిగితే, ఎండకు వీపు కాలిందని చెప్పింది. నేనూ అవునని తలూపాను. అల్లుడికి అబద్ధం చెప్పడంలో నేనూ చేయి కలిపాను, ఇప్పుడు నిజం నువ్వే చెప్పు అతనికి.

ఆ ఆదివారమే నేను గ్వెరీనో మీదకు వెళ్ళాను. వాడు కాఫీ తాగుతున్నాడు, ఆ కాఫీ చల్లారిపోయేదాకా దులిపేశాను. ఇరవై వరసల గొడుగులూ నావైపే తిరిగాయి. చిన్నపిల్లను నలుగురిలో గుర్రంలా పరుగెత్తించడమేనా నీ బొలోన్యా చదువు అని ఆ అమ్మాయిని కూడా అడిగాను. పత్రీజియాకు కళ్ళనిండా నీళ్ళు. గ్వెరీనో కప్పు కింద పెట్టి, "ఇనెస్ గారూ, మీరు కాస్త కూర్చోండి" అన్నాడు. నేను కూర్చోలేదు. కూర్చోకుండా వచ్చేశాను.

ఇక్కడిదాకా చదివి నువ్వు నా పక్షానే ఉంటావని నాకు తెలుసు. ఉత్తరం ఇక్కడే ముగిద్దామని రెండుసార్లు కలం పెట్టేశాను కూడా. కానీ పత్రీజియా మరీసాతో అన్న మాటకు ఒక తోక ఉంది, అది పైన నేను రాయలేదు. "పదిసార్లు పరుగెత్తిరా" అన్న తర్వాత, "మీ అమ్మమ్మ చెప్పింది" అంది.

చెప్పాను. వచ్చిన రెండో రోజు, వేయించిన చేపల పళ్ళెం చేతికిచ్చి, ఆ అమ్మాయి చెవిలో చెప్పాను: "మా పెద్దది పీపాలా తయారవుతోంది, కాస్త పరుగెత్తించమ్మా." నాలుగడుగుల దూరంలో చేతిలో బొంబొలోనీతో మరీసా ఉంది, అది కొనిచ్చిందీ నేనే. వినలేదనుకున్నాను. ఆ పిల్ల మనసులో దురుద్దేశం లేదు, పెద్దావిడ చెప్పింది కదా అని చేసింది. నేను గ్వెరీనో ముందు అంత అరిచింది ఎవరి మీదో నాకు అరుస్తున్నప్పుడే తెలుసు. అందుకే కూర్చోలేదు.

ఇంకొకటి ఉంది, ఇది దానికన్నా పెద్దది. ఆ ఆదివారం రాత్రి పక్క బట్టలు మారుస్తుంటే మరీసా అడిగింది: "అమ్మమ్మా, నువ్వు నన్ను పీపా అన్నావా?" నేను దుప్పటి దులుపుతూ, "నేనెందుకంటానే, పిచ్చిదానా" అన్నాను. సరే అంది. విన్న పిల్లతో అనలేదని చెప్పానని ఆ "సరే"లోనే నాకు అర్థమైంది. అరవై ఆరేళ్ళు వచ్చాయి నాకు.

నిన్న పొద్దున, కాఫీ కూడా తాగకముందు, దాని మంచం పక్కన కూర్చుని చెప్పేశాను. అన్నాను, తప్పు చేశాను, తర్వాత అబద్ధం కూడా ఆడాను అని. అది గోడవైపు తిరిగి పడుకుని, "తెలుసు" అంది. అంతే. నువ్వైతే నాలుగు తిట్టేదానివి, ఆ తిట్లే నయం.

తర్వాత నేనేం చేశానో సాంద్రో చెవిన పడకముందే నువ్వు వినడం మంచిది. మీ నాన్న చనిపోయిన ఏడాది నేను కొని ఒక్కసారీ తడపని నల్ల స్నానం బట్టలు వేసుకున్నాను. గ్వెరీనో గొడుగుల పక్క హద్దు దాటి, ఎవరి నల్లబల్లా చెల్లని ఊరుమ్మడి ఇసుకలోకి వెళ్ళి, గోలీలున్న పిల్లలందరినీ పిలిచాను. తడి ఇసుకలో చతికిలబడి కాళ్ళు చాపి, "పట్టుకోండర్రా, లాగండి" అన్నాను. ఇద్దరి వల్ల కాలేదు, నలుగురు పట్టారు. మొదటి వరస ఆడవాళ్ళు కళ్ళద్దాలు పైకెత్తి చూశారు. పత్రీజియా ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయింది. నడుము కలుక్కుమంది, ఇసుక ఎక్కడెక్కడ దూరిందో నీకు రాయను. ఇరవై గజాలు లాగారు.

వెనక్కి తిరిగి చూసుకుంటే, దూడ పడుకునేంత వెడల్పున గాడి ఉంది. పిల్లలు గోలీలు వదిలారు. ఒక్కటీ ముందుకు పోలేదు, అటూ ఇటూ దొర్లి మధ్యలో కూలబడ్డాయి. నేవియో ఏడుపు మొహం పెట్టాడు.

అప్పుడు చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, చేతిలో లెక్కల పుస్తకంతో మరీసా వచ్చింది. ఎప్పటి నుంచి చూస్తోందో. గాడిని ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూసింది. తాపీ మేస్త్రి ఇంకొకడు కట్టిన గోడను చూసినట్టు చూసింది.

"లే అమ్మమ్మా," అంది. "ఇది దారి కాదు, కాలువ."

పుస్తకం నా చేతికిచ్చింది. గుండీలు ఒక్కొక్కటే విప్పి చొక్కా కూడా నా చేతికిచ్చింది. పక్కన తడి ఇసుక చూసుకుని కూర్చుని, చేతులు కట్టుకుని, కాళ్ళు పైకెత్తింది. పిల్లలు పరుగున వచ్చి పట్టుకున్నారు. లాగబోయేముందు అది నావైపు చూసి, మెల్లగా, నాకొక్కదానికే వినపడేలా అంది:

"పీపాకి మలుపు తిరగడం రాదు. చూడు."

తిరిగింది, ఎల్వీరా. మూడు మలుపులు తిరిగింది.

నన్ను క్షమించిందని మాత్రం అనుకోకు. రాత్రి భోజనం దగ్గర ఉప్పు అడిగింది, అంతకు మించి మాట్లాడలేదు, దానికి ఆ హక్కు ఉంది. నువ్వు దానికి రాసేటప్పుడు నన్ను వెనకేసుకు రావద్దు. తిండి సంగతీ ఒంటి సంగతీ ఎత్తవద్దు. దారి ఎన్ని మలుపులు వేశావని అడుగు, చాలు.

ఇట్లు,
నడుము పట్టేసి, మనవరాలి చొక్కా ఉతికి ఆరేసి, దాని పక్కనే కూర్చుని రాస్తున్న
మీ అమ్మ