తప్పిపోయినట్టు రాయని పిల్ల

శామీర్‌పేట,
2003 ఆగస్టు 17, ఆదివారం.

చిరంజీవి సరళకు మీ నాయిన దీవించి రాసేది ఏమంటే, ఈడ అవ్వ, తమ్ముడు సాయినాథ్, నేను పాణంతోని మంచిగనే ఉన్నం. బెజవాడల నువ్వు గూడ అట్లనే ఉండాలె బిడ్డా. నీ ఉత్తరం అంది తొమ్మిది దినాలాయె. జవాబు రాయనీకి మూడుసార్లు కూసున్న, మూడుసార్లు లేసిన.

ముందుగాల నువ్వు అడిగినయి చెప్త. తమ్ముడు తొమ్మిదో తరగతికొచ్చిండు. లెక్కలల్ల తప్పి, మార్కుల కాయితం నా చేతిల పెట్టి నవ్వుతడు. మీ అమ్మ పోయినా ఆ నవ్వు మాత్రం వాని మొకంల ఇడిసిపోయింది, తిట్టబుద్ధి కాదు. చెరువు పోయినేడు ఎండి పర్రెలిచ్చింది గాని, ఈ ఏడు నీళ్లొచ్చినయి. సొసైటోళ్లు చేపపిల్లల ఇడిసిన్రు. అవ్వకు మోకాళ్ల నొప్పులు. అయినా గంపెత్తుకొని సికింద్రాబాద్ బస్సెక్కుడు ఆపలే, నా మాట ఎప్పుడిన్నది గనుక.

ఆ కీసర సంబంధం ఇగ లేదు. వాళ్లు పోయినేడే వేరే పిల్లను చేసుకున్నరు. పదిహేనేండ్ల పిల్లవు, నాకు చదువుకోవాలని ఉంది నాయినా అంటే చెంప మీద కొట్టిన చెయ్యి ఇది. గీ చేతితోనే ఇప్పుడు రాస్తున్న.

ఇగ అసలు ముచ్చటకొస్త. నువ్వు తప్పిపోయినట్టు మన దిక్కు ఏ పోలీస్‌స్టేషన్ల కాయితం లేదని మీ హాస్టల్ పార్వతీదేవి మేడం చెప్పిందని రాసినవు. "కాయితం ఉంటదని నేను మేడంతోని కొట్లాడిన. నన్ను ఎతకలేదా నాయినా? గా ముచ్చట చెప్పినంకనే నువ్వు నన్ను చూడరావాల్నో వద్దో చెప్త" అన్నవు.

లేదు బిడ్డా. నేను ఎతకలే.

రెండేండ్ల కింద నువ్వు పోయిన దినం, మాపటికి నేను ఇల్లిల్లు తిరిగిన. ఎందుకంటే, సరళ భీవండిల మేనత్త ఇంటికి పోయిందని చెప్పనీకి. ఆడపిల్ల పోయిందని రాపిస్తే, రేపు నువ్వు వాపసొచ్చినా లోకం నిన్ను బతకనియ్యదని నాకు నేను చెప్పుకున్న. సగమే నిజం అది. నా ఇజ్జత్ పోతదన్న భయమే ఎక్కువుండె. ఆ ఏడు బతుకమ్మకు సికింద్రాబాద్‌ల చీర కొనుక్కొచ్చి, నా బిడ్డ పంపిందని వాడకట్టంత చూపిచ్చిన. మంచి రంగు అన్నరు. నేను గూడ నవ్విన.

ఇంకోటున్నది. ఇన్ని దినాలు ఎవలికీ చెప్పలే.

మనింటెన్క ఉండే ఈదమ్మ నా మాట నమ్మలే. పోయి స్టేషన్ల చెప్పింది. వెంకటనర్సయ్య అని కానిస్టేబుల్ వచ్చిండు, మంచి మనిషి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన నోరు తెరవకముందే "నా బిడ్డ భీవండిల ఉన్నది సార్" అన్న. ఆయన నన్నే చూసి, "నిజమేనా బాలమల్లు? నాకూ ఆడపిల్లలున్నరు, భయపడకు, చెప్పు" అన్నడు. మీ అమ్మ ఫోటో కింద నిలవడి నిజమే అన్న. ఆయన బుక్కు మూసుకొని పోయిండు. అప్పటికి నువ్వు పోయి ఆరు దినాలే. ఆ ఆరు దినాలు నువ్వు సికింద్రాబాద్ రైల్వేస్టేషన్లనే ఉన్నవని, నల్లా నీళ్లు తాగి పండుకున్నవని నీ ఉత్తరంల చదివిన కాన్నుంచి నాకు ముద్ద దిగుతలేదు సరళా. నీ కోసం ఇంటిదాక వచ్చిన ఒక్క మనిషిని నేనే ఎల్లగొట్టిన.

గాని నిన్ను ఎవలూ ఎతకలేదనుకోకు. నీ ఉత్తరం చదివి వినిపిస్తే, అవ్వ లేసిపోయి చేపల గంప అడుగుకెల్లి ఒక కవరు తీసింది. అండ్ల నీ ఏడో తరగతి ఫోటో. రెండేండ్ల సంది, చేపలమ్ముడైనంక రైల్వేస్టేషన్ల చాయ్ బండ్లోళ్లకు, కూలోళ్లకు చూపిచ్చి వస్తున్నదంట. నాకెందుకు చెప్పలేదే అవ్వా అని అడిగిన.

"నువ్వు నా కడుపుల పుట్టినవు గనుక ఊకున్న. నీకు చెప్తే ఫోటో గూడ దాస్తవని చెప్పలే" అన్నది.

తడి తగిలి ఆ ఫోటోల నీ మొకం సగం తెల్లగైంది. ముట్టుకుంటే చేపల వాసన. నేను దాన్ని పట్టుకొని ఏడ్సిన.

సొసైటీ జనార్ధన్‌కు చెప్తే, "పాత తారీకేసి ఎట్లనో ఒక కాయితం తయారు చేపిద్దం, పిల్ల మనసు నిమ్మలమైతది" అన్నడు. ఒక్క గడియ ఆశపడ్డ. మళ్ల వద్దన్న. నీ మీద చెప్పిన అబద్ధాలు చాలు. నీకు కాయితమంటే ఇగ గీ ఉత్తరమే. మేడంకు గూడ చదివి వినిపియ్యి. మొన్న ఈదమ్మ ఇంటికి పోయి, నీ మాటే నిజం అక్కా అన్న. మన సంఘపోళ్ల మీటింగుల నిలవడి అందరికీ చెప్పిన. ఎవలో నవ్విన్రు. నవ్వనీ.

బుధవారం రైలుకు అవ్వ నీ కాడికి వస్తది. ఈదమ్మ తోడొస్తనన్నది. అవ్వను నాలుగు దినాలు ఉంచుకో, మెట్ల కాడ చెయ్యి పట్టు. పదో తరగతి ఆన్నే రాయి, లగ్గం మాట ఈ ఇంట్ల ఇగ ఎవలూ ఎత్తరు.

నేను వస్తలేను. జవాబు విన్నంక చెప్తనన్నవు గద, విన్నవు. వద్దనిపిస్తే వద్దనే రాయి బిడ్డా, తప్పు లేదు. నువ్వు బతికున్నవు, నాకు గదే మస్తు.

ఇట్లు,
రెండేండ్లు నిన్ను ఎతకని
మీ నాయిన
బాలమల్లు