గేటు బయట నుంచి పిలవండి

ఏవండీ,

మీకు బేబి ప్రేమతో రాసేది. ప్రభువు దయవల్ల ఇక్కడ నేనూ, రూబీ, అత్తయ్యగారూ కులాసాగా ఉన్నాం. ఆ ఎడారిలో మీరూ అలాగే ఉండాలని పూటపూటా ప్రార్థనలో అడుగుతున్నాం. ఫోన్లో చెప్పొచ్చుగా అంటారు. మీ క్యాంపులో వీడియోలో బొమ్మ కనపడటం అటుంచి మాట వినపడటమే గగనం, అదీ సగంలో తెగిపోతుంది. ఇది సగంలో తెగితే అపార్థమయ్యే సంగతి. అందుకే సెలవు ముగించుకుని కువైట్ తిరిగి వస్తున్న జయపాల్ అన్నయ్య చేతికి ఆవకాయతో పాటు ఈ ఉత్తరం ఇస్తున్నాను. ముందు ఉత్తరం చదివి, తరవాతే డబ్బా మూత తీయండి.

అత్తయ్యగారి మోకాలు ఎలా ఉందని అడిగారు. చర్చికి నడిచే వెళ్తున్నారు, వచ్చేటప్పుడు మాత్రం ఆటో అంటున్నారు. స్కూలు గేటు కాపలాలో ఆడమనిషి మాట ఎవరు వింటారని మీరు బెంగపడ్డారు కదా. నీలం కోటు తొడుక్కుని, మెడలో ఈల వేసుకుని నిలబడ్డానంటే ఆఫీసర్లు కూడా పేరు రాసి, సంతకం పెట్టి, నేను చూపించిన బెంచీ మీద కూర్చుంటున్నారు. కష్టమల్లా శుభలేఖలు పంచేవాళ్ళతోనే. టీచరుగారికి స్వయంగా చేతికివ్వకపోతే మర్యాద కాదని వాళ్ళ వాదన, పాఠం మధ్యలో పంపితే నా మర్యాద పోతుంది. చివరికి మజ్జిగ ఇచ్చి ఇంటర్వెల్ దాకా కూర్చోబెడుతున్నాను. ఈలోగా వాళ్ళు నన్నూ పెళ్ళికి పిలిచేస్తున్నారు.

ఇక మీ అసలు కోరిక. వచ్చే నెల రాజమండ్రిలో విమానం దిగి, పెనుగొండ మీదుగా తిన్నగా పాలకొల్లు, మా స్కూలుకే వచ్చి, రూబీని ఎత్తుకునే ఇంటికి వెళ్తానన్నారు. ఇన్నాళ్ళూ ఆ ఒక్క ఘడియ కోసమే కష్టపడ్డానని రాశారు. ఆ ముక్క చదివి ఏడ్చాను. కానీ అలా కుదరదండీ. ఎందుకో వినండి, తరవాత కోప్పడుదురుగాని.

కిందటి నెల యూకేజీ చదివే హరిచందన కోసం ఒకాయన వచ్చాడు. పిల్లని పిలిచి, ఈయన ఎవరమ్మా అని అడిగాను. "మావయ్య" అంటూ పరిగెత్తుకెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. పంపేశాను. కాసేపటికి వాళ్ళమ్మ వచ్చింది. మావయ్య తీసుకెళ్ళాడండి అని నవ్వుతూ చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది.

"నాకు అన్నదమ్ముల్లేరండి" అంది.

ఈల ఊదుకుంటూ కాలవ గట్టు వెంట పరిగెత్తాను. వంతెన దగ్గర సోడా బండి పక్కన హరిచందన కూర్చుని నిమ్మసోడా తాగుతోంది. ఆయన వాళ్ళింట్లో అద్దెకుండే ఎలక్ట్రీషియన్ అమ్మిరాజు గారు. కోడలికి ఆలస్యమవుతుందేమోనని నాయనమ్మ పంపిందట. పాపం, నా ఈల విని, వాలకం చూసి సోడా చొక్కా మీద ఒలకబోసుకున్నాడు.

ఉద్యోగం పోయినట్టే అనుకుని, హెడ్మిస్ట్రెస్ లలితాంబగారి దగ్గరకి నేనే వెళ్ళి జరిగింది చెప్పాను.

"తప్పు నీదే బేబీ. కానీ మన అలవాటుదీ ఉంది. పాలాయన మావయ్య, ఆటో ఆయన మావయ్య. ఊళ్ళో మగాళ్ళందర్నీ మావయ్యలని పిలవమని పిల్లలకి మనమే నేర్పుతాం" అన్నారు.

దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టని ఎగతాళి చేయకండి, మేం మర్నాడే మొరిగాం. ఇప్పుడు పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు ముందే ఫోటో ఇవ్వాలి. పిల్ల ఆ ఫోటో చూసి సరైన వరస చెబితేనే వాళ్ళకి పిల్లని తీసుకెళ్ళే కార్డు ఇస్తాం.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. ఇక్కడికొచ్చేసరికి చెయ్యి సాగటం లేదు. మన రూబీకి కూడా, జయపాల్ అన్నయ్య తెచ్చిన మీ కొత్త ఫోటో చూపించాం. ఇంట్లో ఉన్నది మన పెళ్ళి ఫోటో కదా, అందులో మీరు గుబురు మీసాల చాటున దాక్కున్నారు. రూబీ మీసాల్లేని కొత్త ఫోటో చూసి చక్కగా నవ్వి, "మావయ్య" అంది. సరిగ్గా చూడమ్మా అని మళ్ళీ చూపించాను. "మంచి మావయ్య" అంది.

మీరు వెళ్ళేటప్పటికి అది చంటిపిల్ల. తప్పు దానిదీ కాదు, మీదీ కాదు. తల్లివి నువ్వు చెబుతున్నావు చాలు, కార్డు ఇచ్చేద్దాం అన్నారు లలితాంబగారు. నేనే వద్దన్నాను. హరిచందన వాళ్ళమ్మ మొహం ఇంకా నా కళ్ళ ముందే ఉంది. మీరు నా భర్త అని రూలు మారిస్తే, రేపు ఇంకొకరిని ఏ మొహం పెట్టుకుని ఆపను?

మొన్న ఆదివారం మీరు ఫోన్ చేశారు, గుర్తుందా? రూబీ వాకిట్లో ఆడుకుంటోంది. స్పీకర్లో మీరు "ఏదే నా చిట్టిరొయ్య?" అన్నారు. అంతే, చేతిలో బొమ్మ పడేసి "నాన్నా" అంటూ లోపలికి ఉరికింది. మీ మొహం తెలియదు గానీ, మీ గొంతు దానికి బాగా తెలుసండీ.

ఈ సంగతి చెబితే లలితాంబగారు కళ్ళజోడు తుడుచుకుని సరేనన్నారు. కాబట్టి తిన్నగా స్కూలుకే రండి. నన్ను చూసి నవ్వకండి, డ్యూటీలో నేనూ నవ్వను. పేరు రాసి సంతకం పెట్టండి. రూబీని లోపల గోడ చాటున నిలబెడతాను. మీరు గేటు బయట నుంచి, ఫోన్లో పిలిచినట్టే పిలవండి. అది నాన్న అంటే గేటు తీస్తాను. మావయ్య అంటే మాత్రం శుభలేఖల వాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చోవాల్సిందే. మజ్జిగ ఇస్తాను లెండి.

ఆవకాయ చూసి తినండి. ఈ నెలంతా గొంతు జాగ్రత్త.

ఇట్లు,
గేటు ఇవతల ఎదురుచూసే
రూబీ వాళ్ళమ్మ