కాఫీ గిర్ని

తప్పు మిషనుది కాదు, నాది అసలే కాదు. పోయిన ఉత్తరంలో "బోరు మోటార్లు బాగుచేసెటోనికి గంత కాఫీ మిషను వశమైత లేదా" అని రాశావు చూడు, పొద్దటి నుంచి దాని మీదే గొణుక్కుంటున్నాను. ఆ గొణుగుడులో మర్యాద మరిచాను. సౌభాగ్యవతి గంగుబాయికి నర్సన్న దీవెనలు. ఎడపల్లిలో అందరం క్షేమం. అందరం అంటే నేనూ, మిషనూ. పుణెలో నువ్వు, బిడ్డ సుష్మ, అల్లుడు ప్రేమ్, మనవరాలు స్నేహలత బాగున్నారని తలుస్తాను. ఫోన్లో మాట్లాడవచ్చు గానీ నువ్వు స్పీకర్ పెడతావు. నేను దగ్గితే అల్లుడు మందుల పేర్లు చదువుతాడు. అందుకే ఉత్తరం.

నువ్వు అడిగినవాటికి జవాబులు ముందు. తొక్కు జాడీకి బట్ట కట్టే ఉంచాను. బర్రెను చూసుకుంటున్న భీమన్న పాలు రోజూ పంపుతున్నాడు, నీళ్లు కూడా పంపుతున్నాడు, రెండూ ఒకే చెంబులో.

మిషను ఎట్ల ఎంచినవని అడిగావు. అల్లుని ఇంట్లో కాఫీ మరిగావని, ఇక్కడి చాయ్ ఇక గొంతు దిగదని రాశావు కదా. నువ్వు ఇంటికి రావడానికి అడ్డం ఏదైనా ఉంటే అది నా చాయే అయి ఉంటుందని నిజామాబాద్ పోయాను. దుకాణంలో విష్ణు అనే సేల్స్‌మన్ ఒక మిషను చూపించాడు.

"పదిహేను బార్ల ప్రెషర్ సార్."

"ఎన్ని ఫీట్లు ఎత్తుతది?"

"కప్పు దాంక సార్."

ఆ నిజాయితీ నచ్చింది. బరువు చూసి, మోటారు చప్పుడు విని తీసుకున్నాను. "మిషను ఎట్లున్నా నడుస్తది సార్, గింజలు పట్టే గిర్ని మంచిది గావాలె" అని దాన్నీ అంటగట్టాడు. అతను చెప్పింది నిజమేనని ఇంటికొచ్చాక తెలిసింది. పొడి బరకగా పడితే నీళ్లు కాలువ తెగినట్టు దూకుతాయి. మరీ మెత్తగా పడితే మిషను మూలుగుతుంది గానీ చుక్క రాలదు. ఈ రెంటి నడుమ ఎక్కడో కాఫీ ఉంటుంది. దాన్ని పట్టుకునేసరికి గింజల సంచి సగమైంది.

పొడి నింపే గిన్నె కింద రెండు ముక్కులుంటాయి. ఒక్క కప్పు పెట్టినా నడుస్తుంది. నేను రెండు పెడతాను. ఒకటి తాగుతాను. రెండోది నీ కుర్చీ ముందు చల్లారాక, పారబోయలేక అదీ తాగుతాను. నిద్ర పట్టనిది అందుకే, మరోటి అనుకోకు.

ఇక అసలు సంగతి. గిర్ని చప్పుడు విని పదిహేను రోజుల కింద పక్కింటి పెంటవ్వ వచ్చింది, కొంగులో పసుపు కొమ్ములతో.

"ఏంది నర్సన్న, కొత్త గిర్ని వెట్టినవంట?"

"కాఫీ గిర్ని పెంటవ్వా."

"ఏదైతేంది, తిరుగుతది గద. మోర్తాడ్ నుంచి మా అక్క పంపింది. బజార్ల గిర్నికి ఇస్తే ముందటోళ్ల కారం కలుస్తది. దేవుని పసుపు గది."

కొమ్ములు రాయితో చితక్కొట్టుకుంటూ నీ కుర్చీలో కూర్చుంది. నేను కొంచెం కొంచెంగా వేస్తూ తిప్పాను. నడుమ ఒక కప్పు చేతికిచ్చాను.

"కషాయం లెక్కున్నది," అంది. తాగేసి కప్పు చాపింది. "ఇంకింత పొయ్యి. గంగుబాయి ఎప్పుడొస్తదట?"

"మనవరాలు బడికి పోయినంక."

"గా పోరికి ఇంక పండ్లన్న మొలవలే గద నర్సన్న."

మరో పిడికెడు కొమ్ములు వేశాను. కొద్దిసేపటికి గిర్ని కీచుమని ఆగింది. విప్పి చూస్తే లోపలి పండ్లు అరిగాయి, పసుపు గడ్డకట్టింది. పళ్ల బ్రష్‌తో ఎంత తోమినా పోలేదు. తిప్పితే తిరుగుతుంది గానీ, ఇప్పుడు కాఫీ జ్వరానికిచ్చే పసుపు పాలలాగా పచ్చగా దిగుతోంది. ఆ పచ్చ సంగతి ఒక్కటే ముందటి ఉత్తరంలో రాశాను, నీకు వశం కానట్టు కనిపించింది ఇదే.

గంగూ, పసుపు కొమ్ము రాయంత గట్టిదని నాకు తెలియదా? వేయకముందే తెలుసు. కాదంటే ఆమె గేటు దగ్గరి నుంచే మళ్లిపోయేది. అన్నీ పట్టేదాకా లేవదని వేశాను. అందుకే కొంచెం కొంచెంగా వేశాను. నువ్వు పోయాక ఈ ఇంట్లో ఒక మనిషి కూర్చుని మాట్లాడింది అప్పుడే.

ఉండమంటావా, రమ్మంటావా అని నువ్వు అడిగితే "ఉండు, నాకేం కొదువ" అని రాశాను. పెద్దమనిషి తీరుగా ఉంటుందని రాశాను. స్నేహలత కోసం నువ్వు ఉండాలన్నదీ నిజమే. కొదువ లేదన్న మాట మాత్రం కొట్టేసుకో. మిగతాది నువ్వే ఆలోచించు.

ఇట్లు,
మన సుష్మ బాపు

సంతకం పెట్టాక ఇంకొకటి. గిర్నికి కొత్త పండ్లు చెప్పి పంపించాను, వాటికోసం ఆగకు, పచ్చ కాఫీ కూడా తాగవచ్చు. గేటు చప్పుడవుతోంది. "ఓ నర్సన్న, ఇంట్ల ఉన్నవా? ఈపారి ధనియాలు తెచ్చిన" అని పెంటవ్వ పిలుస్తోంది. రెండో కప్పు ఇవాళ కూడా ఆమెకే ఇస్తాను గానీ, నువ్వు వచ్చిననాడు మాత్రం ఆ కప్పు నీదే.