పీటర్ అంకుల్ చేసిన ప్రార్థన

ఏజాక్స్,
నవంబరు 2023

హోప్ అక్కకు,
నీ చెల్లి ఈ పరాయి దేశపు చలిలోంచి పంపే వందనాలు.

ఈ కాలంలో ఉత్తరమేంటని నవ్వకు. ఫోన్లో అయితే అమ్మ పక్కనే ఉంటుంది. తడ దగ్గర కొత్తగా పెట్టే కార్ల వైరింగ్ ఫ్యాక్టరీలో నీకు ఉద్యోగం ఖాయమైనట్టే అన్నావు కదా, ఆ మాటకు సంతోషపడలేకపోతున్నాను.

పోయిన నెల ఇక్కడి తెలుగు కూడికలో నీ ఉద్యోగం గురించి ప్రార్థన మనవి చెప్పాను. పీటర్ అంకుల్ లేచి, "ప్రభువా, ఆ ఫ్యాక్టరీ తలుపులు తెరువు, ఆ బిడ్డను నిలబెట్టు" అని కన్నీళ్లతో ప్రార్థించారు. అందరం ఆమెన్ అన్నాం. రోజూ కాలేజీ అయ్యాక నేను పార్ట్‌టైమ్ చేసే కార్ల వైరింగ్ ప్లాంటులో ఆయనే సూపర్‌వైజర్. కాకినాడ మనిషి. నన్ను అందులో పెట్టించిందీ ఆయనే.

సోమవారం కంపెనీ వాళ్లు అందరినీ పిలిచి, మా లైను ఇండియాకు వెళ్లిపోతోందన్నారు. మన ప్రభుత్వం విడిభాగాల మీద సుంకం తగ్గించి, ఎగుమతులకు రాయితీలు ఇస్తోందట. వెళ్లే ఊరు తడ. అంకుల్ నా వైపు తిరిగి, "మీ అక్క అప్లై చేసింది అక్కడికేనా అమ్మా?" అన్నారు. తలూపాను. ఇప్పుడు ఆయన మెషీన్లు విప్పిస్తుంటే, నేను పెట్టెలకు లేబుల్స్ అంటిస్తున్నాను. షెడ్డు రోజురోజుకూ బోసిపోతోంది. నా షిఫ్టులు పోతే పోనీ, అరవైకి దగ్గరపడ్డ ఆయన్ని ఇంకెవరు తీసుకుంటారు?

అక్కా, నీకు ఆ ఉద్యోగం రాకూడదని నిన్న మోకరించి అడిగాను. తిట్టు.

నీ జెస్లిన్

తడ,
ఏప్రిల్ 2024

జెస్లీ బంగారం,

తిట్టను. నీ చోట ఉంటే నేనూ అదే అడిగేదాన్ని. కానీ చేరిపోయాను. నేను మానేస్తే ఆ లైను తిరిగి అంకుల్ దగ్గరికి వస్తుందా చెప్పు? మొదటి జీతం చర్చిలో ప్రథమఫలంగా ఇచ్చి, ఆయన కోసం ప్రార్థన చేయించాను.

ఒక్క సంగతి మాత్రం అమ్మకు చెప్పకు. మెషీన్లు దింపిన రోజు, నేలకు బోల్టులు బిగించబోతున్న మేస్త్రీని మేనేజరు ఆపేశాడు. "చక్రాల మీదే ఉండనీ" అన్నాడు. ఎందుకు సార్ అన్నాను. "రాయితీ ఉన్నన్నాళ్లేనమ్మా మనం. రేపు ఇంకో దేశం ఎక్కువిస్తానంటే విప్పుకుంటూ కూర్చోలేం కదా!" అని నవ్వాడు. నా బల్లకూ చక్రాలే, పనిచేస్తుంటే కొంచెంకొంచెంగా జరుగుతూ ఉంటుంది. మోకాలు అడ్డంపెట్టి ఆపుకుంటూ పనిచేస్తున్నాను. భయంగా ఉంది జెస్లీ.

అమ్మ మిషను స్కూల్లో ఆయా పని మానేసింది. సామాన్లన్నీ లారీకి ఎక్కించుకుని రేపు వచ్చేస్తోంది. ఇక ఎక్కడికీ కదిలేది లేదంటోంది.

నీ అక్క
హోప్